డాలస్ నుంచి ఆల్బకర్కీకి: పద్దెనిమిదో వారంలో మేం చేసిన ప్రయాణం

మార్చిలో ఒక రాత్రి రెండు గంటలకు బాత్రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో తెలుగులో వెతికాను. "టెక్సస్‌లో ఉన్నాం, బిడ్డకు ట్రైసోమీ 18 అన్నారు, ఏం చేయాలి" అని. ట్రైసోమీ 18 అంటే క్రోమోజోముల్లో లోపం, అలాంటి బిడ్డలు చాలామంది బతకరు. ఏమీ దొరకలేదు. ఇంగ్లీషులో బోలెడు దొరికాయి. కానీ వాటిలో వీసా మాట లేదు, అమ్మకు ఏం చెప్పాలన్న మాట లేదు. అందుకే అబార్షన్ కోసం రాష్ట్రం దాటి వెళ్లిన మా సంగతి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా పేరు, ఆస్పత్రుల పేర్లు రాయను.

మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లు. మా ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్. బాబుకు ఐదేళ్లు. రెండోసారి నెల తప్పినప్పుడు నాకు ముప్పై ఆరు నడుస్తోంది.

ముప్పై ఐదు దాటాయి కాబట్టి, బిడ్డ క్రోమోజోముల్లో తేడా ఉందేమో చూసే రక్తపరీక్ష చేయించుకోమని డాక్టర్ చెప్పారు. 2025 ఫిబ్రవరి 3న, సరిగ్గా పదకొండో వారం నిండిన రోజు, రక్తం ఇచ్చాను. ఫలితం 12న వచ్చింది. డాక్టర్ ఫోన్ చేసి చెప్తారనుకున్నాను, అలా జరగలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు బాబుకు పెరుగన్నం కలుపుతుంటే ఆస్పత్రి యాప్‌లో మెసేజ్ మోగింది. ఎంగిలి చేత్తోనే తెరిచాను. "ట్రైసోమీ 18: హై రిస్క్" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. కింద రెండు లైన్ల తర్వాత "ఆడపిల్ల" అని. మన దగ్గర పుట్టేదెవరో చెబితే జైలు. ఇక్కడ అడక్కుండానే చెప్పేశారు, అదీ ఆ పై లైను చదివిన మరుక్షణం. మీకు ఈ పరీక్ష ఫలితం రావాల్సి ఉంటే, యాప్ నోటిఫికేషన్ ఆపేసుకోండి. డాక్టర్ గొంతులో వినడం వేరు, చెయ్యి కడుక్కోకుండా ఒంటరిగా చదవడం వేరు.

14న, శుక్రవారం, మా డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఇది వడపోత పరీక్షే, ఖాయం చేసుకోవాలంటే ఉమ్మనీరు తీసి చూడాలన్నారు. "ఒకవేళ నిజమే అయితే?" అని మా ఆయన అడిగారు. ఆవిడ ఒక్క క్షణం తలుపు వైపు చూశారు. "మీ ముందున్న దారులేమిటో స్పెషలిస్ట్ చెప్తారు" అని లేచారు. బాబు కాన్పు చేసింది కూడా ఈవిడే. ఆరేళ్లుగా నాకు తెలిసిన మనిషి. ఆవిడ అలా చూపు తిప్పుకోవడం అదే మొదటిసారి.

స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ 25న దొరికింది. పదకొండు రోజులు ఆగాం. ఆ లోపు పద్నాలుగో వారం దాటింది. మాయలోంచి ముక్క తీసి చూసే పరీక్ష ఒకటి ఉందట, దాన్ని పద్నాలుగు వారాల్లోపే చేస్తారట. ఒక్క రోజు తేడాలో ఆ గడువు పోయింది. ఇక ఉమ్మనీరే దిక్కు, దానికి పదహారో వారం దాకా ఆగాలి. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఫలితం వచ్చిన మర్నాడే స్పెషలిస్ట్ ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేసేదాన్ని. రెండు వారాలు కలిసొచ్చేవి. ఇది చదివే వాళ్లెవరైనా అదే స్థితిలో ఉంటే, దయచేసి ఆ రెండు వారాలు పోగొట్టుకోకండి.

ఆ రోజు స్కాన్ యాభై నిమిషాలు పట్టింది. స్కాన్ చేసే అమ్మాయి మొదట నవ్వుతూ మాట్లాడింది, పది నిమిషాలకు మాటలు ఆపేసింది. బిడ్డ పేగులు పొట్ట బయట చిన్న సంచిలా కనిపిస్తున్నాయని తర్వాత డాక్టర్ చెప్పారు. ఆ పక్కగదిలో జెనెటిక్ కౌన్సెలర్ కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. పద్దెనిమిదో క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయేమో, అలాంటి బిడ్డలు చాలామంది కడుపులోనే పోతారు, పుట్టినా ఏడాది నిండేది పదిమందిలో ఒకరికి అన్నారు. కొనసాగిస్తే ఎలాంటి సాయం దొరుకుతుందో చాలా ఓపికగా, చాలా ప్రేమగా చెప్పారు.

"కొనసాగించొద్దనుకుంటే?" అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "ఈ రాష్ట్రంలో ఆ సేవ లేదు" అన్నారు. ఇంకాస్త ఆగి, గొంతు తగ్గించి, "కొందరు న్యూ మెక్సికో, కాన్సస్, కొలరాడో వైపు వెళ్తుంటారు" అన్నారు. ఫోన్ నంబర్ రాసివ్వమని అడిగాను. "నేను రాసివ్వలేనండీ, సారీ" అన్నారు. క్రోమోజోముల బొమ్మ గీసిన కాగితం మాత్రం మడిచి నా చేతిలో పెట్టారు.

ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంటికొచ్చి చట్టం చదివాను. టెక్సస్‌లో 2022 ఆగస్టు 25 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అబార్షన్ చేసిన డాక్టర్‌కు జీవితఖైదు దాకా పడొచ్చు. కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్స్ రద్దు. తల్లి ప్రాణం మీదికొచ్చినా, లేదా ఒంట్లో ముఖ్యమైన పని ఏదైనా తీవ్రంగా దెబ్బతినే ప్రమాదమున్నా మినహాయింపు ఉంది. బిడ్డ బతకదని తేలినా మినహాయింపు లేదు. గర్భిణిని మాత్రం ఆ చట్టం శిక్షించదు. పక్క రాష్ట్రానికి వెళ్లి చేయించుకోవడం నేరం కాదు. ఈ చివరి రెండు వాక్యాలు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. చదివాక ఆవిడ పెన్ను ఎందుకు కింద పెట్టారో అర్థమైంది. కోపం తగ్గలేదు గానీ, అది ఆవిడ మీద నుంచి పక్కకు జరిగింది.

అప్పుడే కేట్ కాక్స్ గురించి కూడా చదివాను. ఆవిడదీ మా డాలస్ ప్రాంతమే, ఆవిడ బిడ్డకూ ఇదే ట్రైసోమీ 18. 2023 డిసెంబర్‌లో కోర్టుకెళ్లారు. కింది కోర్టు ఒప్పుకుంది, టెక్సస్ సుప్రీంకోర్టు కాదంది. ఆ తీర్పు వచ్చేటప్పటికే ఆవిడ రాష్ట్రం దాటి వెళ్లిపోయారు. మా ఆయన అది చదివి లాప్‌టాప్ మూసేసి, "మనం కోర్టుల జోలికి వెళ్లం. బండి తీసుకుని పోదాం" అన్నారు.

కానీ అప్పటికి ఇంకా ఖాయం కాలేదు కదా. మార్చి 10 దాకా ఎదురుచూడటమే. ఆ రోజులు ఎలా గడిచాయో రాయడం నాకు చేతకావడం లేదు. రెండో కాన్పు కాబట్టి పొట్ట తొందరగా తెలిసింది. ఒక పుట్టినరోజు పార్టీలో ఇద్దరు "ఎన్నో నెల?" అని అడిగారు. నాలుగు అని చెప్పి, ప్లేటు తీసుకుని కారులోకి వెళ్లి కూర్చున్నాను.

మార్చి 10న ఉమ్మనీరు తీశారు. సూది చూసి భయపడ్డాను గానీ రెండు నిమిషాల పనే. నొప్పి కన్నా, నెలసరి నొప్పిలాంటి పట్టు ఒకటి రెండు గంటలుంది. ఆ రోజు స్కాన్‌లో గుండెకు పెద్ద రంధ్రం కనిపించింది. పిడికిళ్లు బిగించి ఉన్నాయి, ఎంతసేపు చూసినా తెరవలేదు. మొదటి ఫలితం మూడు రోజులకు, 13న వచ్చింది. ట్రైసోమీ 18, నిజమే. పూర్తి రిపోర్టు 21న వచ్చింది, మాట మారలేదు. ఫిబ్రవరి 12 నుంచి మార్చి 13 దాకా ఇరవై తొమ్మిది రోజులు.

అమ్మకు ఆ రాత్రి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "డాక్టర్లే చెప్పాక ఇంకేంటమ్మా, అక్కడే తీయించేసుకో" అంది. ఇక్కడ కుదరదు, వేరే రాష్ట్రం వెళ్లాలి అన్నాను. అమ్మకు అర్థం కాలేదు. "విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తే చట్టం మారుద్దా? తడ దాటి మద్రాసు వెళ్తే మారుద్దా? మీకేంటి ఈ గోల?" అంది. నిజమే, మన దగ్గర దేశమంతా ఒకటే చట్టం. 1971 నాటి ఎంటీపీ చట్టం, 2021లో సవరించారు. ఇరవై వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. బిడ్డకు ఇలాంటి తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తే ఇరవై నాలుగు దాటినా చేస్తారు.

"అయితే ఇక్కడికే వచ్చేయ్" అంది అమ్మ. రెండు రోజులు అదే ఆలోచించాం. కానీ నా పాస్‌పోర్టులో వీసా స్టాంప్ 2023లోనే అయిపోయింది. ఇక్కడ ఉండటానికి కాగితాలున్నాయి గానీ, బయటికెళ్తే అక్కడి అమెరికా కాన్సులేట్‌లో మళ్లీ వీసా స్టాంపింగ్ చేయించుకుంటేనే తిరిగి రానిస్తారు. డేట్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. బాబు స్కూలు, ఆయన ఉద్యోగం. పుట్టిల్లు అంత దూరమని ఆ రెండు రోజుల్లో తెలిసింది.

టెక్సస్‌కు ఆనుకుని నాలుగు రాష్ట్రాలున్నాయి. ఓక్లహోమాలోని ఓక్లహోమా సిటీ మాకు మూడు గంటల దూరం, అక్కడా నిషేధమే. ఆర్కన్సా, లూసియానాలో కూడా అంతే. మిగిలింది న్యూ మెక్సికో ఒక్కటి. అక్కడ 1969 నాటి పాత నిషేధాన్ని 2021లోనే తీసేశారు, ఇన్ని వారాల్లోపే అన్న పరిమితి లేదు, ముందు రోజు వచ్చి సంతకం పెట్టి ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూలూ లేదు. ఓక్లహోమా దాటితే కాన్సస్. అక్కడ 2022 ఆగస్టులో జనమే ఓటేసి ఈ హక్కును నిలబెట్టుకున్నారు. ఇరవై రెండు వారాల దాకా వీలుంది. కాన్సస్‌లోని విచిటా మాకు ఐదున్నర గంటలు, న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ పది గంటలు. అందుకని మొదట విచిటాకే ఫోన్ చేశాను.

మార్చి 14, శుక్రవారం ఉదయం. బాబును స్కూల్లో దింపి, పార్కింగ్‌లోనే కారులో కూర్చుని చేశాను. విచిటాలో నా వారాలకు మూడు వారాల తర్వాత గానీ డేట్ లేదన్నారు. అప్పటికి ఇరవయ్యో వారం వచ్చేస్తుంది. ఏదైనా తేడా వస్తే ఇరవై రెండు దాటిపోతుందని భయమేసింది. ఆల్బకర్కీలో మొదట చేసిన చోట పదహారు వారాలు దాటితే చేయమన్నారు. ప్రతి క్లినిక్‌కూ తన హద్దు తనకుంటుంది, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అన్నిచోట్లా చేయరు. ఇది నాకు తెలియదు. ఫోన్ చేయగానే ముందు వారాలు చెప్పి అడగండి.

మూడో ఫోన్ ఆల్బకర్కీలోనే ఇంకో క్లినిక్‌కు. నలభై నిమిషాలు లైన్లో ఉంచారు. తర్వాత ఒక అమ్మాయి ఎత్తి, పేరు, ఆఖరి నెలసరి తేదీ, ఏ రాష్ట్రం నుంచి అని అడిగింది. టెక్సస్ అన్నాను. నేను సంగతి ఎలా చెప్పాలో తెలియక "మా పాపకు ఒక సమస్య ఉంది, డాక్టర్లు చెప్పారు, అందుకని..." అని నాన్చుతుంటే, ఆవిడ మెల్లగా, "అబార్షన్ కోసం కదా? తప్పకుండా సాయం చేస్తాం" అంది. నెల రోజుల్లో ఆ మాట నాతో పైకి అన్న మొదటి మనిషి ఆవిడే. డాక్టర్ అనలేదు, కౌన్సెలర్ అనలేదు, మేమిద్దరం కూడా ఇంట్లో "అక్కడికి వెళ్లడం" అనే అనుకుంటున్నాం. నేను ఫోన్‌లోనే గట్టిగా ఏడ్చాను. ఆవిడ ఆగింది. తర్వాత ఇంగ్లీషు ఇబ్బందైతే ఫోన్ మీద తెలుగు దుబాసీని ఇప్పిస్తామని చెప్పింది. వద్దన్నాను, కానీ ఆ మాటకు మళ్లీ ఏడుపొచ్చింది.

మార్చి 26, 27 తేదీలు ఇచ్చారు. నా వారాలకు రెండు రోజుల పని. ఫోన్ పెట్టేముందు రెండు ప్రశ్నలడిగింది. డబ్బు సాయం కావాలా అన్నది ఒకటి. దానికోసం నిధులున్నాయట, జీతం పెద్దగా లేనివాళ్లు మొహమాటపడకుండా అడగొచ్చు. మేం వద్దన్నాం. రెండోది, బిడ్డను దహనం చేయించాలనుకుంటే ఇప్పుడే చెప్పాలని. ముందుగా చెప్పకపోతే ఆ ఏర్పాటు కుదరదట. మా ఆయన్ను అడిగి చెప్తానన్నాను. ఆయన ఫోన్‌లో ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి "చేయిద్దాం" అన్నారు.

మధ్యలో పన్నెండు రోజులు. పదిహేడో వారంలో ఒక మధ్యాహ్నం పాప కదిలింది. చేపపిల్ల తోక కొట్టినట్టు. నేను ఆ రోజంతా మంచం దిగలేదు. "మనం తప్పు చేస్తున్నామా" అని ఆయన్ను అడిగాను. "అది ఊపిరందక అల్లాడుతుంటే మనం చూస్తూ నిలబడటం నా వల్ల కాదు" అన్నారు. ఇంతకన్నా నా దగ్గర సమాధానం లేదు. నా బిడ్డ నొప్పి పడకుండా పోవాలని కోరుకున్నాను. వేరేలా నిర్ణయించుకున్న తల్లుల మీద నాకు గౌరవమే ఉంది.

బాబును ఎక్కడ ఉంచాలన్నది పెద్ద టెన్షన్. పక్క బ్లాకులో వరంగల్ అక్క ఉంది. "ఒక పని మీద ఊరెళ్తున్నాం అక్కా, ఆరు రోజులు" అని మొదలుపెట్టాను. నా మొహం చూసి, "ఏం చెప్పకు చెల్లె. పిల్లగాణ్ని నేను చూసుకుంట" అంది. ఇప్పటిదాకా ఆవిడ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

విమానంలో రెండు గంటల లోపే. కానీ ఎయిర్‌పోర్టులో తెలిసినవాళ్లు తగులుతారని కారులోనే బయల్దేరాం. 24న, సోమవారం. ఎల్ పాసో దాటితే న్యూ మెక్సికోలోనే లాస్ క్రూసెస్ అనే ఊళ్లో కూడా క్లినిక్‌లున్నాయి. అటు వెళ్తే వచ్చేటప్పుడు సియెరా బ్లాంకా దగ్గర బోర్డర్ పెట్రోల్ వాళ్లు బళ్లు ఆపి కాగితాలు చూస్తారు. మా కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఎక్కడికెళ్లి వస్తున్నారంటే జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఆల్బకర్కీ దారిలో అది లేదు. అయినా పాస్‌పోర్టులు, ఐ-94లు (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797లు (ఇక్కడ ఉండటానికి ఆమోదపత్రాలు) ఒక ఫైల్లో పెట్టుకునే వెళ్లాం. వీసా మీద ఉన్నవాళ్లు ఎవరైనా అలాగే చేయండి.

మా ఆయన ఇంకో లెక్క కూడా వేసుకున్నారు. టెక్సస్‌లోనే లబ్బక్ అనే కౌంటీలో (మన జిల్లా లాంటిది) 2023లో ఒక ఆర్డినెన్స్, అంటే స్థానిక చట్టం, తెచ్చారు. అబార్షన్ కోసం తమ రోడ్ల మీదుగా ఎవరినైనా తీసుకెళ్తే, తీసుకెళ్లినవాళ్ల మీద ఎవరైనా దావా వేయొచ్చు. అమరిల్లోలో కూడా అలాంటిదే తెద్దామని 2024 నవంబర్‌లో ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. మా దారి టెక్సస్‌లోనే ఉన్న విచిటా ఫాల్స్, అమరిల్లో మీదుగా. లబ్బక్ తగలదు. భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి ఏ కౌంటీ గుండా వెళ్లొచ్చో మ్యాప్‌లో వేలు పెట్టి వెతుక్కోవడం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

రాత్రికి అమరిల్లోలో ఆగాం. మర్నాడు ఐ-40 మీద సరిహద్దు దాటగానే ఫోన్‌లో టైమ్ గంట వెనక్కి వెళ్లింది. బయట అదే గడ్డి, అదే గాలి. బోర్డు చూడకపోతే రాష్ట్రం మారిందని తెలియదు. ఆల్బకర్కీ ఎత్తు మీద ఉంటుంది, ఐదువేల అడుగుల పైనే. చేరేసరికి తల పగిలిపోతోంది. అది బెంగ అనుకున్నాను, హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి నీళ్లు బాగా తాగమని చెప్పింది.

26 ఉదయం ఎనిమిదింటికి క్లినిక్. పార్కింగ్‌లో సగానికి పైగా టెక్సస్ నంబర్ ప్లేట్లే. రోడ్డు పక్కన నలుగురు బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడ "అమ్మా, నీ బిడ్డ నీ కోసం చూస్తోంది" అని అరిచింది. రంగు జాకెట్ వేసుకున్న వాలంటీర్ ఒకామె నా పక్కన నడుస్తూ వాతావరణం గురించి మాట్లాడుతూ లోపలికి తీసుకెళ్లింది. ఆ అరుపు మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది. ఆవిడకు ఆ బిగించిన పిడికిళ్ల సంగతి తెలియదు.

మొదట మా ఆయన్ను బయట ఉంచి నన్ను ఒక్కదాన్నే అడిగారు. నీ ఇష్టంతోనే వచ్చావా, ఎవరైనా బలవంతపెట్టారా అని. తర్వాత రక్తపరీక్ష, స్కాన్. స్కాన్ తెర నా వైపు తిప్పమంటారా అని అడిగారు. తిప్పమన్నాను. మధ్యాహ్నం సముద్రపు నాచుతో చేసిన సన్నని పుల్లల్లాంటివి లోపల పెట్టారు, రాత్రికి అవి నీరు పీల్చుకుని ఉబ్బి దారి వదులు చేస్తాయి. ఆ రాత్రి నొప్పులు గట్టిగానే వచ్చాయి. వేడినీళ్ల సంచి పట్టుకెళ్లడం మంచిదైంది. అర్ధరాత్రి తర్వాత ఏమీ తినొద్దన్నారు.

27న లోపలికి తీసుకెళ్లాక మత్తు ఇచ్చేముందు డాక్టర్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. వయసైన మనిషి. "ఏ క్షణంలోనైనా వద్దనిపిస్తే చెప్పు, ఆపేస్తాను" అన్నారు. నేను తెలుగులోనే "సరే" అన్నాను. అంతా అరగంట లోపే అయిపోయిందట. లేచేసరికి పక్కన మా ఆయన ఉన్నారు, చేతిలో ఒక కార్డు. పాప పాదాల ముద్రలు. ఒక్కో పాదం నా చిటికెన వేలిలో సగమంత.

శుక్రవారం హోటల్లోనే పడుకున్నాను. శనివారం బయల్దేరి గంటన్నరకోసారి దిగి నడుస్తూ వచ్చాం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అలా చేయమన్నారు. రాత్రికి మళ్లీ అమరిల్లో. ఆదివారం, 30 ఉదయం, లేచేసరికి జాకెట్టు తడిసిపోయి ఉంది. పాలు. వస్తాయని క్లినిక్ కాగితంలో ఒక లైను ఉంది, నేను చదివి వదిలేశాను. అన్నిటికన్నా ఎక్కువగా నన్ను విరగ్గొట్టింది అదే. ఆ రోజు ఉగాది.

అమ్మకు ఫోన్ చేస్తే, "పిండొద్దు. మల్లెపూలు కట్టుకో, ఆగిపోతాయి" అంది. మా అమ్మమ్మల నాటి మాట. సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరాం. వరంగల్ అక్క ఉగాది పచ్చడి గిన్నె, పండక్కి ఇండియన్ స్టోర్‌లో కొన్న రెండు మూరల మల్లెపూలు ఫ్రిజ్‌లో పెట్టి ఉంచింది. అవి ఎందుకు వాడానో ఆవిడకు చెప్పలేదు. బిగుతు లోదుస్తులు, చల్లని కాపడం, పూలు. నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మల్లెపూలు తల్లో పెట్టుకోలేకపోయాను.

ఖర్చు. రక్తపరీక్షకు 249 డాలర్లు. స్పెషలిస్ట్, స్కాన్లు, ఉమ్మనీటి పరీక్షకు ఇన్సూరెన్స్ పోగా 1,380. క్లినిక్‌కు 1,850, మొత్తం చేతి నుంచే. టెక్సస్ నియంత్రణలో ఉండే ప్రైవేటు ప్లాన్లు అబార్షన్‌కు మామూలుగా డబ్బివ్వకూడదని 2017లోనే చట్టం చేశారు, మా ఆయన పనిచేసే కన్సల్టెన్సీ ప్లాన్ అలాంటిదే. కొన్ని పెద్ద కంపెనీల సొంత ప్లాన్లు ఇస్తాయి, అడిగి చూడండి. ఆరు రాత్రుల హోటళ్లు 560, పెట్రోలు 170, తిండి దాదాపు 200, దహనానికి, పోస్టుకు కలిపి 300. నాలుగువేల ఏడువందలు దాటింది. ఆయనకు ఐదు రోజుల జీతం కట్.

ఎవరికేం చెప్పాలో అమ్మే చెప్పింది. "నిలవలేదని చెప్పు, ఇంకేం అడగరు." అందరికీ అదే చెప్పాను. అడగలేదు.

ఏప్రిల్ 8న పోస్ట్‌మ్యాన్ వచ్చి సంతకం పెట్టమన్నాడు. ఎక్స్‌ప్రెస్ మెయిల్ డబ్బా, మీద మనిషి అస్థికలని తెలిపే లేబుల్. లోపల అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద పెట్టె. దాన్ని పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను, ఇంట్లోకి తేవచ్చో లేదో తెలియక.

10న మా డాక్టర్ దగ్గరికి చెకప్‌కు వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక, "ఇప్పుడు గర్భం లేదు" అన్నాను. ఆవిడ కంప్యూటర్ తెర పక్కకు తిప్పి, వెళ్లి తలుపు వేసి వచ్చారు. "వాళ్లు నిన్ను బాగా చూసుకున్నారా?" అన్నారు. చూసుకున్నారని చెప్పాను. ఇద్దరం కాసేపు కూర్చున్నాం. తర్వాత రక్తస్రావం గురించి అడిగారు, మళ్లీ ఇలా జరిగే అవకాశం నూటికి ఒక వంతు ఉంటుందని, నా వయసుకు ఇంకొంచెం ఎక్కువ కావచ్చని చెప్పారు. మూడు నెలలు ఆగమన్నారు. నేను ఇంకా దాని గురించి ఆలోచించలేదు.

పెట్టె ఇప్పుడు పాస్‌పోర్టులుండే సొరుగులో ఉంది. స్టాంపింగ్ డేట్ దొరికితే డిసెంబర్‌లో వెళ్తాం. సీతానగరం ఘాట్ దగ్గర కృష్ణలో కలుపుదామంది అమ్మ.